కెప్టెన్ ఇంటికొచ్చిండా, లేదా?

పోయిన ఆదివారం మోండా మార్కెట్ల నా పరువు పోయింది. ఊకె పోలే, స్టీలు ప్లేటు మీద గరిటెతోని కొట్టి మరీ సాగనంపిండ్రు. అయినా సుత నాకు ఇప్పటికీ ఖుషీగనే ఉన్నది. ఎందుకో చెప్త, చాయ్ తాగుకుంట వినుండ్రి.

మీకు ‘చుక్కల జంక్షన్’ సీరియల్ యాదికున్నదా? నేను స్కూల్ల ఉన్నప్పుడు టీవీల ఆదివారం పొద్దున వచ్చేది. ఆకాశంల ఒక పెద్ద స్టేషన్. అన్ని గ్రహాల రాకెట్లు అక్కడ ఆగి పోతయి. దానికి ఇన్‌ఛార్జి కెప్టెన్ భాస్కర్. గ్రహాలంటే థర్మకోల్ ఉండలు, కెప్టెన్ హెల్మెట్ అయితే మా అమ్మ ఇడ్లీ గిన్నె లెక్కనే ఉండేది. కానీ మా సికింద్రాబాదోళ్ళకు అది మా ఇంటి సీరియల్. రాకెట్ లేటని మైకుల చెప్తుంటే, ప్లాట్‌ఫారం మారిందని జనం మూటలు ఎత్తుకొని ఉరుకుతుంటే, ఇది మన స్టేషనే కదరా అనిపించేది. ప్రతి ఎపిసోడ్ల కెప్టెన్‌తోని వాళ్ళ అమ్మ భూమి మీద నుంచి రేడియోల మాట్లాడేది. లోకం మునుగుతున్నా సరే, ఆఖరుకు ఒక్కటే అడిగేది. “తిన్నవా బిడ్డా?”

ఒక ఆదివారం సిగ్నల్ దీపం బాగు చేయనీకి కెప్టెన్ నడుముకు తాడు కట్టుకొని బయటికి పోయిండు. తాడు తెగింది. తెగిన కొస పట్టుకొని చీకట్ల తేలుతున్నడు. మిగతా వచ్చేవారం అన్నరు. వచ్చేవారం ఆ టైముకు పాడిపంటల ప్రోగ్రాం వచ్చింది. ఆ తర్వాత వారం సుత పాడిపంటలే. సీరియల్ తీసిన కంపెనీ మూత పడ్డదట.

ఇగ అంతే. కెప్టెన్ అట్లనే వేలాడుతున్నడు. నా చదువైంది, పెండ్లైంది, సీతాఫల్‌మండిల ట్రావెల్స్ ఆఫీసు పెట్టుకున్న, జుట్టు సగం పోయింది. కెప్టెన్ ఇంటికొచ్చిండా లేదా అన్నది మాత్రం తేలలే. బస్సు టికెట్లు బుక్ చేసుకుంట చేసుకుంట ఒక్కోసారి నాకు ఆ తాడు కొస కనపడేది, నిజంగ చెప్తున్న. నవ్వితే నవ్వుండ్రి.

నా అసొంటి పిచ్చోళ్ళు ఇంకా ఉన్నరని తెలిసినంక ఒక వాట్సాప్ గ్రూపు షురూ చేసినం. దానికి అడ్మిన్ మా దోస్త్ యాదగిరి. మోండా మార్కెట్ల స్టీలు సామాన్ల దుకాణం ఆయనది. దుకాణం మీద ఒక గది ఉన్నది, గిన్నెల పెట్టెల నడుమ నెలకోసారి కూచుంటం. సీరియల్‌కు సంబంధించింది ఏది దొరికినా, పాత ఫొటో కానీ పేపర్ ముక్క కానీ, ముందుగాల నాకే ఇస్తరు. నేను చూసి రివ్యూ చెప్పాలె, ఆ తర్వాతనే అందరు చూడాలె. అది మా పద్ధతి. రివ్యూ చెప్తుంటే నడుమల ఎవ్వలు నోరు తెరవొద్దు, చేసినోళ్ళు ఎదురుగ కూచున్నా సరే. ఆ రూల్ పెట్టింది నేనే. రివ్యూ అయిపోంగనే యాదగిరి గరిటెతోని స్టీలు ప్లేటు కొడ్తడు. అప్పుడే మాట్లాడాలె. మస్తు గొప్పగ ఉంటుండే ఆ పద్ధతి. ఆదివారం దాకా.

ఈ మధ్యల గ్రూపుల కొత్తగ చేరిండ్రు నసీం మేడం. బోయిగూడల ఉంటరు, ఆడపిల్లల స్కూల్ల డ్రాయింగ్ టీచర్. చేరంగనే ఒక బాంబు పేల్చిండ్రు. చుక్కల జంక్షన్ డైరెక్టర్‌ను ఎట్లనో పట్టుకున్నరట. ఆగిపోయిన కథ ఆఖరు ఏందో ఆయన నోటితోనే విన్నరట. “నువ్వు గీసుకో అమ్మా” అని ఆయన పర్మిషన్ ఇస్తే, అదంత బొమ్మల కథ లెక్క గీసి ఒక ఉర్దూ వారపత్రికల వారం వారం వేసిండ్రు. ఇప్పుడు అన్నీ కలిపి బైండింగ్ చేయించిండ్రు. ఉన్నది ఒక్కటే కాపీ.

గ్రూపుల ఒకటే గోల, కెప్టెన్ వచ్చిండా, వచ్చిండా అని. నేను కడక్‌గ మెసేజ్ పెట్టిన, “మేడం, మీరు ఒక్క ముక్క చెప్పొద్దు. రివ్యూ అయ్యేదాక ఆగాలె.” మేడం ఒక దండం బొమ్మ పెట్టి ఊకున్నరు.

పుస్తకం నా ఆఫీసుకు పంపిండ్రు. చక్కగ బ్రౌన్ పేపర్ అట్ట వేసి ఉన్నది, స్కూల్ పుస్తకానికి వేస్తరు చూడు, గట్ల. మీద పేరు లేదు, ఏం లేదు. లోపట ఒక చిట్టీ. “సీనన్నా, మీకు ఉర్దూ రాదు, మా పేపర్ చదివేటోళ్ళకు తెలుగు రాదు. అందుకే ఇందులో మాటలే పెట్టలే. బొమ్మలు అందరికీ అర్థమైతయి.” ఉర్దూ పేపర్ల వేసిన కథకు మాటలే లేకపోవుడేందని నాకు అప్పుడే అబ్బురమైంది.

మధ్యాహ్నం అన్నం తిని, ఆఫీస్ షటర్ సగం దించి, చేతులు కడుక్కొని తుడుచుకొని మరీ తెరిచిన.

ఏం బొమ్మలయ్యా అవి. నల్లటి ఇంకు తోనే చీకటిని ఎన్ని రకాలుగ గీసిండ్రో. మొదటి బొమ్మల కెప్టెన్ ఇంట్ల కూచొని అన్నం తింటున్నడు, వాళ్ళ అమ్మ పక్కన కూచొని వడ్డిస్తున్నది. నా గుండె ఆగినంత పనైంది. వచ్చిండు. ఇంటికి వచ్చిండు. అనుకునేలోపే పక్క బొమ్మ. తలుపు దగ్గర తల్లి, కొడుకు. తల్లి ఆయన మెడ పట్టుకొని ఏడుస్తున్నది. దాని పక్క బొమ్మల కెప్టెన్ గేటు బయట ఉన్నడు, చేతుల బ్యాగు.

పోతున్నడు. మళ్ళా పోతున్నడు.

అక్కడి నుంచి కథ నన్ను పట్టుకొని ఈడ్చుకపోయింది. రాకెట్ల కూచున్న కెప్టెన్‌కు ఇంత గడ్డం ఉన్నది. పేజీ తిప్పితే గడ్డం జెర తగ్గింది. ఇంకో పేజీకి ఇంకా తగ్గింది. అరే, మనిషి వయసు వెనకకు పోతున్నదే! కిటికీ పక్కన చాయ్ గ్లాసు ఉన్నది. ముందు ఖాళీ, తర్వాత సగం, తర్వాత నిండుగ పొగలు కక్కుతున్నది. తాగుతుంటే నిండుతున్న చాయ్. ఇంత లోతైన ఆలోచన ఒక మనిషికి ఎట్ల వస్తదని నేను కుర్చీల నుంచి లేచి నిలబడ్డ. ప్రతి పేజీ కింద మూలకు చిన్న చిన్న గీతలు, చుక్కలు, వంకరలు ఉన్నయి. ఇది నక్షత్రాల సీక్రెట్ కోడ్ అని పట్టేసిన.

ఆఖరుకు జంక్షన్ల జనం అందరు గుమిగూడిండ్రు. చీరలు, దుప్పట్లు, పరుపు చుట్టే హోల్డాల్ బెల్టులు కలిపి ముడేసిన పెద్ద తాడు ఉన్నది. దాని కొసకు కెప్టెన్. జనం ఆ తాడు వదులుకుంట వదులుకుంట ఆయనను బయటికి పంపుతున్నరు. ఆ తర్వాత ముడులన్నీ విప్పుకొని ఎవ్వలి చీర వాళ్ళు తీసుకున్నరు. ఆఖరి బొమ్మల కెప్టెన్ ఒక్కడే. చేతుల తెగిన తాడు కొస. నేను చిన్నప్పుడు చూసిన అదే సీన్.

ఆ రోజు ఇంటికి పోయి సోఫాల కూలబడ్డ. మా ఆవిడ స్వరూప భయపడ్డది.

“ఏమైంది? గట్ల కూచున్నరేంది?”

“కెప్టెన్ ఇల్లిడిచి పోయిండు స్వరూపా. అమ్మను ఇడిచి, అన్నం ముందట నుంచి లేచి పోయిండు.”

“పోతే పోనీయుండ్రి. మీరు పోయి పాలు తెండ్రి.”

నాకు బాధలేదని కాదు, ఉన్నది. ఇన్నేండ్లు ఎదురు చూస్తే ఇదా అని. కానీ ఆ బాధ కన్నా పెద్దది ఇంకోటి లోపట నిండింది. ఇంత ధైర్యంగ ఎవ్వలన్న కథ చెప్తరా? మామూలోళ్ళు అయితే హీరోను ఇంటికి తెచ్చి చప్పట్లు కొట్టించుకుంటరు. ఈ మేడం ఆయనను డ్యూటీ కోసం వాపస్ పంపింది, కాలాన్నే ఉల్టా తిప్పింది. వారమంత దాని గురించే రాసుకున్న, కొట్టేసిన, మళ్ళా రాసుకున్న.

ఆదివారం గది నిండింది. నసీం మేడం వాళ్ళ అమ్మీని సుత తోలుకొచ్చిండ్రు. పెద్దామె, తెల్లటి దుపట్టా, మందపు అద్దాలు. అద్దాలు ఉన్నా చూపు ఆననే ఆనదట, వెలుగు నీడ తెలుస్తయి అంతే. ఆమె సుత అప్పట్ల ప్రతి ఆదివారం సీరియల్ చూసినామె. మెట్లు ఎక్కలేక ఎక్కొచ్చి ముందు కుర్చీల కూచొని, “రివ్యూ చెప్పేది నువ్వేనా బేటా? మంచిగ చెప్పు” అన్నది. ఆమె పక్కన మూర్తిగారు. గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ ఆడిటర్, మా గ్రూపుల అందరి కన్నా పెద్ద భక్తుడు.

నేను షురూ చేసిన. “కెప్టెన్ ఇంటికి వచ్చిండు” అని ఆగిన. గదంత ఊపిరి వదిలింది. అమ్మీ మొహం వెలిగింది. “కానీ ఉండలే” అన్న.

నసీం మేడం చెయ్యి ఎత్తిండ్రు.

“రూల్ మేడం, రూల్” అన్న నవ్వుకుంట.

గడ్డం సంగతి చెప్పిన. నిండే చాయ్ చెప్పిన. “ఈ విశ్వంల ఏదీ అయిపోదు అని ఒక్క చాయ్ గ్లాసుల చెప్పిండ్రు” అన్న. మూర్తిగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నరు. మేడం మళ్ళా చెయ్యి ఎత్తిండ్రు. ఈసారి రెండు చేతులు. నేను వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టిన. పొగుడుతుంటే సిగ్గు పడుతున్నరు, పాపం, అనుకున్న. సీక్రెట్ కోడ్ దగ్గరికి వచ్చేసరికి మేడం రెండు చేతులతోని మొహం కప్పుకున్నరు. కళ్ళ నీళ్ళు పెట్టుకుంటున్నరేమో అని నాకు ఇంకా ఊపొచ్చింది.

“దోస్తులే ఆయనను తాడు కట్టి చీకట్లకు దించిండ్రు. దించి, ముడులు విప్పి, వదిలేసిండ్రు” అన్న. “ఆ తల్లి తలుపు దగ్గర పట్టుకొని ఏడిస్తే సుత ఆగలేదు. కెప్టెన్ భాస్కర్ ఇగ ఇంటికి రాడు. ఎన్నటికీ రాడు. అదే ఈ బొమ్మల కథ గొప్పతనం.”

యాదగిరి గరిటె ఎత్తిండు. కొట్టకముందే అమ్మీ లేచి నిలబడ్డది.

“నసీం” అన్నది. మెల్లగనే అన్నది, కానీ గదిల గిన్నెలు సుత విన్నయి. “నువ్వు నాకు వచ్చిండని చెప్పినవు. ప్రతి జుమ్మా నాడు పత్రిక రాంగనే కూచోబెట్టి బొమ్మ బొమ్మ చెప్పినవు. అమ్మ దగ్గరికి వచ్చిండు, అన్నం తిన్నడు అని. నాకు కనపడదని ఝూట్ చెప్పినవా?”

“లేదు అమ్మీ...”

“ముసల్ది బాధ పడ్తదని చెప్పినవా?”

మేడం మొహం చూసిన. ఏదో తప్పు జరిగిందని తెలుస్తున్నది, ఏందో తెలుస్తలేదు. మేడం వచ్చి నా చేతుల నుంచి పుస్తకం తీసుకున్నరు. బోర్లా తిప్పి, మళ్ళా నా చేతుల పెట్టిండ్రు.

“ఇటు నుంచి సీనన్నా.”

“ఇది ఆఖరు కదా మేడం.”

“అది మొదలు. నేను ఉర్దూ రాసే మనిషిని. మా పుస్తకం కుడి నుంచి తెరుస్తం, బొమ్మలు సుత కుడి నుంచి ఎడమకు పోతయి. మాటలు తీసేస్తే అందరికీ అర్థమైతదనుకున్న. ఎటు నుంచి చూడాల్నో చెప్పుడు నాకే యాదికి రాలే.”

“మరి మూలల ఆ సీక్రెట్ కోడ్?”

“పేజీ నంబర్లు.”

యాదగిరి అప్పుడు కొట్టిండు ప్లేటు, ఖణేల్మని. ఒక్కసారి కాదు, ఆయన చెయ్యి నొప్పి పెట్టేదాక.

పుట్టింది సికింద్రాబాద్‌ల. దుకాణాల బోర్డుల మీద, స్టేషన్ బోర్డు మీద ఉర్దూ చూసుకుంటనే పెరిగిన. నా సొంత చుట్టాల పెండ్లి కార్డుల కన్నా ఎక్కువ సార్లు చూసిన. అది ఎటు నుంచి ఎటు పోతదో ఒక్కనాడు ఆగి ఆలోచించలే. మూర్తిగారు లేచి మెల్లగ అడిగిండ్రు, “అంటే ఏవండీ, గడ్డం మామూలుగానే పెరుగుతోందన్నమాట?”

“మామూలుగనే సార్.”

“చాయ్?”

“తాగిండు, అయిపోయింది.”

ఆయన కూలబడ్డరు. జనం నవ్వుతున్నరు, కొందరైతే గిన్నెల పెట్టెల మీద పడి నవ్వుతున్నరు. అమ్మీ మాత్రం నవ్వలే. అట్లనే నిలబడ్డది.

“నవ్వుతున్నరేంది? ఎవ్వలి మాట నమ్మాలె నేను? నసీం అయితే నా బిడ్డ, నా కోసం ఏమన్న చెప్తది. ఓ బేటా, నీకేం మొహమాటం లేదు కదా. ఇందాక అయితే ఏడిపించినవు. ఇప్పుడు సక్కగ చూసి నువ్వే చెప్పు.”

ఆమె కుర్చీ పక్కన కింద కూచున్న. పుస్తకం ఆమె ఒళ్ళ పెట్టి, బొమ్మ మీద వేలు పెట్టి చెప్పుడు షురూ చేసిన. అలవాటు ఎక్కడ పోతది, నా వేలు మాటిమాటికి ఎడమ దిక్కు బొమ్మ మీదికే పోతున్నది. అమ్మీ నా వేలు పట్టుకొని కుడి దిక్కుకు గుంజింది. చూపు లేకున్నా ఆమె చేతికి దారి తెలుసు. ఇగ అక్కడి నుంచి నేను చూసేది, ఆమె నడిపేది.

“కెప్టెన్ ఒక్కడే ఉన్నడు అమ్మీ. తాడు కొస పట్టుకున్నడు.”

“ఊ.”

“జంక్షన్ల జనం ఉరికొస్తున్నరు. ఒకామె చీర ఇచ్చింది. ఇంకొకాయన బెల్టు విప్పి ఇచ్చిండు. ముడులు వేస్తున్నరు...” అనంగనే నా వేలు ఆ బొమ్మ మీదనే ఆగింది. నేను గదిల నిలబడి, వీళ్ళు ముడులు విప్పి వదిలేసిండ్రని చెప్పిన కదా. ఆ జనం మొహాలు ఇప్పుడు చూస్తున్న. ప్రయాణాలు ఆపుకొని, ప్లాట్‌ఫారం మీద సామాను పడేసి, తెలియని మనిషి కోసం ఒంటి మీది బట్టలు ముడేస్తున్న జనం. వారమంత ఆ బొమ్మను చూసిన, కానీ ఒక్కసారి సుత సక్కగ చూడలే. నవ్వేటోళ్ళు సుత ఎప్పుడు లేచి వచ్చిండ్రో, నా వెనక నిలబడి తొంగి చూస్తున్నరు.

“గుంజిండ్రు అమ్మీ. లోపటికి గుంజిండ్రు. ఇప్పుడు రాకెట్ల కూచున్నడు, చాయ్ ఇచ్చిండ్రు. గడ్డం పెరుగుతున్నది, దూరం మస్తున్నది కదా. ఇది భూమి. ఇది గేటు, బ్యాగు పట్టుకొని నిలబడ్డడు.”

“తలుపు ఎవ్వలు తీసిండ్రు?”

“వాళ్ళ అమ్మ. మెడ పట్టుకొని ఏడుస్తున్నది.”

ఆ మొహం చూసే కదా నేను, పోతున్న కొడుకును పట్టుకొని ఏడుస్తున్నదని చెప్పింది. ఒక్క గీత మారలే. వచ్చిన కొడుకును పట్టుకొని ఏడ్చేది సుత అదే మొహం. ఎట్ల గీసిండ్రో ఆ మేడం, నాకు ఇప్పటికీ సమజ్ అయితలేదు.

ఒకటే బొమ్మ మిగిలింది. అమ్మీ నా వేలు ఇడిచిపెట్టింది.

“తిన్నడా?” అని అడిగింది.

“తింటున్నడు అమ్మీ. పక్కన కూచొని వడ్డిస్తున్నది.”

“బస్, ఇగ చాలు” అన్నది. నసీం మేడం చెయ్యి వెతుక్కొని పట్టుకున్నది.

నేను బయటికొచ్చి మెట్ల మీద చాలాసేపు కూచున్న. కింద మార్కెట్ల కూరగాయల బేరాలు నడుస్తనే ఉన్నయి. కెప్టెన్ ఇంటికొచ్చిండు. లోపట ఏదో బరువు దిగిపోయినట్టు ఉన్నది, దాంతోని పాటే మస్తు సిగ్గు. చిన్నప్పటి నుంచి ఆయన ఇంటికి రావాలని ఎదురు చూసిన మనిషిని నేను. ఆయన అన్ని తిప్పలు పడి వచ్చి అన్నం ముందట కూచుంటే, చెయ్యి పట్టుకొని లేపి, గేటు దాటించి, రాకెట్ ఎక్కించి, మళ్ళా ఆ తాడు కొసకు కట్టి వచ్చింది సుత నేనే. దాన్ని గొప్ప రివ్యూ అనుకున్న.

మూర్తిగారు మాత్రం ఇంకా ఒప్పుకుంటలేరు. “మీరు చెప్పిందే బావుందండీ, లోతుంది” అని రోజూ మెసేజ్ పెడ్తున్నరు.

ఆ రోజు ఇంటికి పోయి బెల్ కొట్టిన. నేను చేరకముందే యాదగిరి ఫోన్ చేసి సంగతంత చెప్పిండట. స్వరూప తలుపు సగమే తీసి, అడ్డం నిలబడి, నన్ను కింది నుంచి మీది దాకా చూసింది.

“వస్తున్నరా, పోతున్నరా?”

ఇంతకుముందైతే టక్కున చెప్పేటోన్ని. ఇప్పుడు నా మీద నాకే నమ్మకం లేదు.

“నీ దిక్కు నుంచి చూస్తే ఎట్లున్నదో నువ్వే చెప్పు” అన్న.